వెయ్యి మీటర్లు దిగితే 'మీరు'

కిందటి వారం జెన్సిని మనం మంచి కోపంలో వదిలేసి వచ్చాం. వారం గడిచినా ఆ కోపం చల్లారలేదు. కథను మధ్యలో పట్టుకున్నవారి కోసం ఆ కోపం సంగతి రెండు ముక్కల్లో చెప్పేసి ముందుకు పోదాం.

జెన్సి లుంపర్‌ది లెఖ్ నది ఎగువ లోయ. భర్త పోయాక ఆమె, అత్తగారు ఫిలొమీనా ఒకే ఇంట్లో మిగిలారు. ఈ వేసవిలో ఒక పొద్దున ఆ అత్తగారు కోడలి నడకబూట్లు తెచ్చి గుమ్మంలో పెట్టి, నా చుట్టూ తిరిగింది చాలు, పోయి ఆ నది వెంట తిరిగి రమ్మంది. అలా మొదలైంది ఈ ప్రయాణం. నది పుట్టే ఫోర్మరీన్ సరస్సు దగ్గర బయల్దేరి, అది కొండల్ని విడిచి మైదానంలోకి దూకే ఫ్యూసెన్ జలపాతం దాకా కాలిబాట. మొదటి రోజే తోడు దొరికాడు వెండెలిన్ కోగెల్. ఇదే నది దిగువన, ఆగ్స్‌బుర్గ్ పట్నంలో ఉంటాడు. చర్చిల్లో ఆర్గన్ వాయిద్యాలు బాగుచేసే పని. యాభై ఎనిమిదేళ్లొచ్చినా బ్రహ్మచారి. ఎవరైనా పెళ్లి మాట ఎత్తబోయేసరికి ఎక్కడో ఒక ఆర్గన్ మూగబోయిందని కబురొచ్చేదట.

మా కొండల్లో ఒక ఆనవాయితీ ఉంది. వెయ్యి మీటర్ల ఎత్తు దాటితే అక్కడ 'మీరు' అనే మాట చెల్లదు. మంత్రిగారైనా మేకలు కాసేవాడైనా అందరికీ అందరూ 'నువ్వే'. అంచేత సరస్సు దగ్గర పలకరించుకున్న మొదటి నిమిషం నుంచీ వాళ్లిద్దరూ నువ్వు, నువ్వు అనుకుంటూనే నడిచారు. వేలాడే వంతెన మీద ఆమె కాళ్లు వణికితే, నువ్వు నా సంచి పట్టుకో, కిందికి చూడకు అన్నాడతను. వానకి పశువుల కొట్టంలో తలదాచుకున్నప్పుడు ఆమె రొట్టె విరిచి, నువ్వు తినకపోతే నేనూ తినను అంది. ఆ 'నువ్వు' రోజురోజుకీ మెత్తబడుతోందని ఇద్దరికీ తెలుసు, ఎవరూ బయటపడలేదు.

నది దిగుతుంటే బాటా దిగింది. ష్టాన్‌సాఖ్ ఊరు దగ్గరపడుతుండగా వెండెలిన్ ఆగాడు. మణికట్టుకున్న ఎత్తు కొలిచే గడియారం చూసుకున్నాడు. టోపీ తీసి, తల వంచి, "వెయ్యి మీటర్లు దిగామండీ, లుంపర్ గారూ," అన్నాడు. ఆ నిమిషం నుంచి 'మీరు' మొదలు.

అక్కడ ఆగింది కథ. ఇప్పుడు ఆఖరి రోజు పొద్దున.

బస దిగి నది ఒడ్డుకి వచ్చేసరికి ఎండ కాసింది. పచ్చగా, పాలు కలిపినట్టున్న నీళ్లు గులకరాళ్ల మధ్య పాయలు పాయలుగా పోతున్నాయి. చెక్క స్తంభం మీద తెల్లటి బాణం గుర్తు ముందుకు చూపిస్తోంది. ఆ గుర్తులు ఇంక సాయంత్రానికి అయిపోతాయి. సాయంత్రం అతను ఆగ్స్‌బుర్గ్ రైలెక్కుతాడు. ఆమె కోసం అత్తగారు బస్సులో జలపాతం దగ్గరికి వస్తానని ఫోన్ చేసింది. కలిసి లోయకి వెనక్కి పోవాలి.

జెన్సికి బెంగ ఆ దూరాల గురించి కాదు. 'మీరు' అనుకుంటూ విడిపోయేవాళ్ల వీడ్కోలు ఎలా ఉంటుందో ఆమెకి బాగా తెలుసు. చెయ్యి కలుపుతారు, పరిచయమైనందుకు సంతోషమండీ అంటారు, ఎవరి దారిన వాళ్లు పోతారు. అలాంటివాళ్లు మళ్లీ ఒకరి గుమ్మం ఒకరు తొక్కరు. ఈ మనిషితో అలా విడిపోవడం ఆమెకి ఇష్టం లేదు. ఇష్టం లేదన్న సంగతి ఈ పొద్దున బూట్లు తొడుక్కుంటుంటే స్పష్టంగా తెలిసిపోయింది, దాంతో బూటు మీదా కోపం వచ్చింది.

ఆమె కూడా తక్కువేం తినలేదు లెండి. అతను 'మీరు' అన్న మర్నాటి నుంచి ఆమె 'తమరు' మొదలుపెట్టింది. తమరు ముందు నడవండి, తమరి టోపీ కింద పడింది, తమరికి చెమటలు పట్టాయి అంటూ ప్రతి మాటకీ ఒక తమరు తగిలించింది. అతను నొచ్చుకున్నట్టు ఒకసారి చూసి, అలాగేనండీ అని నడిచాడు. అలాగేనండీ అన్నప్పుడల్లా ఆమెకి ఒళ్లు మండింది.

మధ్యాహ్నం అడవి అంచున ఉన్న సత్రంలో ఆగారు. చీజు కలిపిన పిండి ముద్దలు, పైన కరకరలాడే ఉల్లిపాయలు వచ్చాయి. వడ్డించే అమ్మాయి ఎగువ లోయ యాస పసిగట్టి జెన్సిని నువ్వేం తాగుతావు అని, వెండెలిన్‌ని తమకేం కావాలండీ అని అడిగింది. ఒకే బల్ల దగ్గర ఇలా రెండు ఊళ్లు కూచున్నాయి. అతను చేతులు కడుక్కోడానికి వెళ్లినప్పుడు జెన్సి ఆ అమ్మాయిని దగ్గరికి పిలిచి, ఇక్కడి నుంచి ఫ్యూసెన్ చేరేలోపల ఎత్తైన చోటు ఏదైనా మిగిలిందా అని అడిగింది. అడవి దారి కాస్త పైకెక్కుతుంది, ఆ తర్వాత ఊరి ముందర మూడు సిలువల గుట్ట ఒక్కటే అంది ఆ పిల్ల. అది వెయ్యి ఉంటుందా అని అడిగితే, ఎక్కేటప్పుడు రెండు వేలున్నట్టు ఉంటుందక్కా అని నవ్వి పోయింది.

జెన్సి ఆశ అంతా ఆ గుట్ట మీద పెట్టుకుంది. గుట్ట వెయ్యి దాటితే ఆనవాయితీ ప్రకారం 'నువ్వు' తిరిగి వస్తుంది. ఒక్కసారి వస్తే మళ్లీ పోనివ్వకుండా ఎలా పట్టుకోవాలో తర్వాత చూసుకోవచ్చు.

అడవి దారిలో అతని గడియారం ముల్లు వెయ్యి దాకా రాలేదు. దేశాల సరిహద్దు రాయి దాటి, ఇంకో సరస్సు పక్కగా దిగి, పాతకాలపు రాజుగారి కోట కింద బస్సుల్లోంచి జనం కుప్పలుగా దిగుతున్న చోటికి వచ్చారు. ఇన్నాళ్లూ ఆవుల గంటలు తప్ప వినని చెవులకి ఆ గోల ఎక్కువైంది. ఎవరో ఒకావిడ తన ఫోటో తీయమని ఫోన్ ఇచ్చి, బదులుగా మీ ఇద్దరిదీ తీస్తానని పట్టుబట్టింది. దగ్గరగా నిలబడండి, మీ ఆయన భుజమ్మీద చెయ్యి వెయ్యండి అని జెన్సికి పురమాయించింది కూడా. వెండెలిన్ చెవులు ఎర్రబడ్డాయి. తామిద్దరూ అలాంటివాళ్లు కాదని, దారిలో పరిచయస్తులమని అతను వివరంగా చెప్పబోయాడు. అంతలో ఫోటో అయిపోయింది. ఆ ఫోటోలో అతను నోరు తెరిచి ఉంటాడు, ఆమె పక్కకి చూస్తూ ఉంటుంది. ఇప్పుడది ఏ దేశంలో ఉందో తెలియదు.

అక్కడి నుంచి గుట్ట ఎక్కడం మొదలైంది. జెన్సి ఏదో పందెంలో ఉన్నట్టు ఎక్కింది. వెనక నుంచి అతను, నెమ్మదిగానండీ, రాళ్లు జారతాయి అని రెండుసార్లు చెప్పాడు. ఆమె వినలేదు. పైకి చేరేసరికి ఊపిరి అందడం లేదు.

పైన మూడు సిలువలు, ఒక చెక్క బల్ల. ఒకవైపు వాళ్లు నడిచి వచ్చిన కొండలన్నీ వరసగా. ఇంకోవైపు ఒక్క మెరక కూడా లేకుండా మైదానం, అందులోకి నది పోతున్న మెరుపు. ఇన్ని రోజులు ఈ చూపు కోసమే నడిచారు. జెన్సి అటు చూడనైనా లేదు.

"ఎంత?" అంది.

"ఏదండీ?"

"ఆ ముల్లు ఎంత చూపిస్తోంది?"

అతను గడియారం అద్దాన్ని వేలితో తట్టి చూశాడు. "తొమ్మిది వందల యాభై మూడండీ."

"సరిగ్గా చూడండి. వానకి అది తప్పు చూపిస్తుందని మీరే చెప్పారు."

"ఇవాళ ఎండండీ."

జెన్సి సంచి కింద పడేసి, చెక్క బల్ల ఎక్కి నిలబడింది. "ఇప్పుడో?"

అతను తలెత్తి ఆమెను చూశాడు, గడియారం చూశాడు, మళ్లీ ఆమెను చూశాడు. ఆర్గన్ గొట్టంలో ఎక్కడ గాలి పోతోందో దొరికినప్పుడు అతని ముఖం అలాగే మారుతుందేమో. "లుంపర్ గారూ, మీరు వెయ్యి దాటాలని చూస్తున్నారా?"

ఇంక ఆమె ఆపుకోలేకపోయింది. బల్ల మీద నిలబడే చెప్పింది. "అవును. నన్నలా మీరు మీరు అని పొడుస్తుంటే ఏం చెయ్యను? పైనున్నన్నాళ్లూ బాగానే ఉన్నాం కదా. దిగగానే నేను పరాయిదాన్ని అయిపోయానా? నేనేం తప్పు చేశానో ముందు అది చెప్పండి."

వెండెలిన్ బల్ల చివర కూచున్నాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "మీరేం తప్పు చెయ్యలేదు. నేను రోజూ పొద్దున గడ్డం గీసుకునేటప్పుడు ఇవాళ అడిగేద్దామనుకుంటాను. కానీ అడిగే హక్కు నాది కాదేమోనని భయమండీ."

హక్కు ఏమిటో ఆమెకి అర్థం కాలేదు. అతను చెప్పుకొచ్చాడు. కొండ మీద సరే, కింద పట్నాల్లో 'నువ్వు' అనేది ఊరికే రాదు. ఒకరు ఇవ్వాలి, ఒకరు పుచ్చుకోవాలి. పెద్దవాళ్లు చిన్నవాళ్లకి ఇస్తారు, ఆడవాళ్లు మగవాళ్లకి ఇస్తారు. హక్కు లేనివాడు ముందు అడిగితే తలుపు తోసుకుని పరాయి ఇంట్లోకి వచ్చినట్టే. వాళ్లమ్మ ఆ సంగతి చిన్నప్పుడే నూరిపోసింది. ఇక్కడ వచ్చిన చిక్కేమిటంటే, వయసులో అతను రెండేళ్లు పెద్ద, కాబట్టి ఇచ్చే హక్కు అతనిది. ఆమె ఆడమనిషి, కాబట్టి హక్కు ఆమెది. ఏది ముందో తేలక అతను తలకిందులైపోయాడు. ఈలోగా ఆమె తమరు మొదలుపెట్టేసరికి, దూరంగా ఉండటమే ఈవిడకి ఇష్టం కాబోలని నోరు మూసుకున్నాడు.

జెన్సికి ఇదంతా కొత్త. ఎగువ లోయలో ఎవరూ ఎవరికీ ఏదీ ఇవ్వరు. పుట్టినవాడికి పుట్టుకతోనే 'నువ్వు' వస్తుంది. చర్చి ఫాదరుకి, అత్తగారికి తప్ప 'మీరు' ఖర్చు పెట్టరు. ఆమె లెక్క చాలా తేలిక. 'నువ్వు'ని కింద పడేసినవాడే వంగి తీసుకోవాలి. అంచేత అతను ఎప్పుడు వంగుతాడా అని ఆమె చూసింది. ఆమె ఎప్పుడు చెయ్యి చాస్తుందా అని అతను చూశాడు. ఇలా చూసుకుంటూ ఇద్దరూ ఎన్ని ఊళ్లు దాటేశారో తలుచుకుంటే ఆమెకి నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి.

"మీరు నాకంటే పెద్దవారై ఉంటే గొడవే లేకపోయేది. రెండు హక్కులూ మీకే ఉండేవి," అన్నాడతను విచారంగా.

ఆ మాటకి జెన్సి బల్ల దిగింది.

ఎందుకంటే ఆమెకి అరవై. మొదటి రోజు సరస్సు దగ్గర విడిదిలో అతను యాభై ఎనిమిది అనగానే, ఈమె ఏమాత్రం తడుముకోకుండా యాభై ఆరు అనేసింది. దాన్ని అబద్ధమనడానికి నాకు మనసొప్పదు. ఆ గాలికి, ఆ ఎత్తుకి, ఆమెకి నిజంగానే అంతే అనిపించి ఉంటుంది.

ఇప్పుడు ఆడమనిషిగా ఇచ్చేయొచ్చు కదా అని మీరంటారు. ఆమె కూడా అనుకుంది. కానీ ఇంత నిక్కచ్చి మనిషికి ఇచ్చే మొదటి 'నువ్వు' కింద నాలుగేళ్ల దొంగతనం దాగి ఉండటం ఆమెకి నచ్చలేదు. వయసు చెప్పాలి, చెప్పాకే ఇవ్వాలి. చెప్పాలంటే సిగ్గు. అరవై అన్న మాట ఇంతవరకు తన నోటితో తను ఒక్కసారీ అనలేదు. జలపాతం దగ్గర ఒక మాట చెప్తానని మాత్రం అంది. అతను మీ ఇష్టమండీ అని టోపీ పెట్టుకున్నాడు.

దిగే దారిలో వరసగా చిన్న చిన్న ప్రార్థన గూళ్లు ఉన్నాయి. ప్రతి గూడు దగ్గరా ఆమె ఆగి దండం పెట్టుకుంటున్నట్టు నిలబడి, లోపల్లోపల వాక్యం కూర్చుకుంది. నిజానికి నాకు అరవై అని ఒక చోట, మొన్న ఏప్రిల్లోనే అరవై నిండాయి అని ఇంకో చోట, అసలు వయసుదేముంది లెండి అని మరో చోట. ఏదీ నోటికి నచ్చలేదు. ఆమె భక్తికి వెండెలిన్ ముచ్చటపడి ప్రతిసారీ టోపీ తీశాడు.

చెట్ల సందులోంచి నీటి హోరు వినిపించింది. మలుపు తిరిగేసరికి జలపాతం. నది రాతి మెట్ల మీదుగా తెల్లగా దూకి, ఇరుకు బండల మధ్య నుంచి దూసుకుపోయి, అవతల ఒక్కసారిగా తేలికపడింది. అంతే. ఇంక కొండలు లేవు. వాళ్ల నది పెద్దదై వెళ్లిపోతోంది. జెన్సి రెయిలింగు పట్టుకుని నిలబడింది. ఆమె కళ్లు చెమర్చాయి. ఆ మాట చెప్పేద్దామని అతని వైపు తిరిగింది.

"అరవై నిండినా బూటు లేసు కట్టుకోవడం చేతకాలేదు నీకు," అంది వెనక నుంచి ఎవరో.

ఎవరో ఏమిటి, ఫిలొమీనా. ఎనభై మూడేళ్ల మనిషి, ఆదివారం టోపీ పెట్టుకుని, ఒళ్లో బుట్టతో బెంచీ మీద కూచుని ఉంది. ఎంతసేపటి నుంచి కూచుందో, కోడలి కుడి బూటు లేసు నేల మీద ఈడ్చుకు రావడం చూసింది. పలకరింపు కింద అదే అంది.

జెన్సి ముఖం కందిపోయింది. వెండెలిన్ లేసు వైపు చూశాడు, ముసలావిడ వైపు చూశాడు, ఆఖరికి జెన్సి వైపు చూశాడు. అతని మీసాల కింద నవ్వు మొలిచి చెవుల దాకా పాకింది. టోపీ తీశాడు. "అయితే మొత్తం హక్కు మీదేనండీ," అన్నాడు.

ఏం హక్కని ఫిలొమీనా అడిగింది. ఆ మనిషికి దాచడం చేతకాదు కదా, వెయ్యి మీటర్ల దగ్గర మొదలుపెట్టి గుట్ట మీది బల్ల దాకా అంతా వరసగా, మర్యాదగా విన్నవించుకున్నాడు. ముసలావిడ మధ్యలో ఒక్కసారీ అడ్డం రాలేదు. పడుచుదనంలో ఇన్స్‌బ్రుక్‌లో ఒక డాక్టరు గారింట్లో వంట చేసింది, పట్నం పద్ధతులు ఆమెకి కొట్టిన పిండి.

జెన్సికి మాత్రం వేరే చిక్కు వచ్చిపడింది. ఇప్పుడు ఇవ్వాలి. వయసు గొడవ కూడా తీరిపోయింది. కానీ ఎదురుగా పోయిన భర్తను కన్నతల్లి కూచుని ఉంది. ఆమె చూస్తుండగా ఇంకో మగవాడి చెయ్యి పట్టుకుని 'నువ్వు' అనడం ఎలా? అలాగని ఇప్పుడు అనకపోతే ఇంక అనేది ఎప్పుడు? రైలు వేళ దగ్గరపడింది. ఆమె లేసు కట్టుకునే వంకతో కిందికి వంగింది, కట్టడం అయిపోయినా లేవలేదు.

"ఏవండీ, మన ముగ్గుర్లో పెద్దెవరు?" అంది ఫిలొమీనా వెండెలిన్‌తో.

"మీరేనండీ."

"నేను ఆడదాన్నేనా, దాంట్లో ఏమైనా అనుమానముందా?"

"లేదండీ."

"అయితే హక్కు దానిదెలా అయింది? నాది." బుట్టలోంచి కొండ వేర్లతో కాచిన సారా సీసా, చిన్న గ్లాసు తీసింది. బెంచీ మీంచి లేచి, మోచెయ్యి చాచి, అతని మోచేతిలో మెలేసింది. పట్నాల్లో 'నువ్వు' ఇచ్చేది అలాగే, చేతులు పెనవేసి తాగి, పేరు చెప్పుకుని, చెంప మీద ముద్దు పెట్టి. "నేను ఫిలొమీనా. నువ్వెవరు?"

"వెండెలిన్. మీ... నీ పరిచయం నాకు చాలా సంతోషం," అని అతను గ్లాసు ఖాళీ చేసి దగ్గాడు. ఆ సారా పట్నం గొంతులకి కాస్త ఘాటు. ఫిలొమీనా అతని రెండు చెంపల మీదా ముద్దు పెట్టి, మంచి ఎముక పుష్టి ఉన్న మనిషివయ్యా అంది.

తర్వాత గ్లాసు నింపి కోడలి వైపు తిరిగింది. జెన్సి లేచి నిలబడి, అది వెండెలిన్‌తో తాగడానికే అనుకుని అటు జరిగింది.

"అటు కాదు. ముందు నాతో," అంది అత్తగారు.

జెన్సి కదలలేకపోయింది. పెళ్లినాటి పొద్దున భర్త చెవిలో చెప్పిన మొదటి మాట, అమ్మని మీరనాలి అని. ముప్పై అయిదేళ్లుగా అంటూనే ఉంది. కాఫీ తాగారా, పడుకున్నారా, మందు వేసుకున్నారా. భర్త పోయిన రోజున ఇద్దరూ వంటింట్లో ఒకరినొకరు పట్టుకుని ఏడ్చినప్పుడు కూడా, ఏడవకండి అత్తయ్యా అంది. ఆ 'మీరు' తన ఇంటి గోడల్లో ఒకటనుకుంది గాని, దాన్ని తీసెయ్యొచ్చని ఎప్పుడూ అనుకోలేదు.

ముసలి మోచెయ్యి ఆమె మోచేతిలోకి వచ్చింది. ఇద్దరూ తాగారు. చెంపలు తగిలాయి. ఆ చెంప ఎంత మెత్తగా ఉందో జెన్సికి ఇన్నేళ్లలో తెలియదు.

"అను," అంది ఫిలొమీనా.

జెన్సి నోరు తెరిచింది. "ఇక్కడ చల్లగా ఉంది, శాలువా కప్పుకుంటే బాగుంటుంది," అంది చివరికి, ఎవరినీ ఏమీ అనకుండా.

"సర్లే. ముప్పై అయిదేళ్ల తుప్పు ఒక్క గుక్కకి వదుల్తుందా." గ్లాసు, సీసా కోడలి చేతిలో పెట్టి ముసలావిడ మళ్లీ బెంచీ మీద కూచుంది. "ఇంక మీ ఇద్దరి పని కానివ్వండి. నేను నీళ్లు చూస్తుంటాను." ముఖం నీళ్ల వైపు తిప్పింది గాని చెవులు ఇటే ఉన్నాయి.

వెండెలిన్ చెయ్యి చాచి నిలబడ్డాడు. జెన్సి గ్లాసు నింపింది, కొంచెం ఒలికింది. ఈసారి మాటలు వెతుక్కోనక్కర్లేకపోయింది. "నేను జెన్సిని. నాకు అరవై."

"నేను వెండెలిన్‌ని. నువ్వు ఆ ముక్క ష్టాన్‌సాఖ్‌లోనే చెప్పి ఉంటే నా ప్రాణం నిలిచేది."

నువ్వు. ఆ మాట కోసం ఆమె ఎంత ఆకలిగా ఉందో అది చెవిలో పడ్డాకే తెలిసింది. చేతులు మెలేసుకున్నారు, తాగారు. చెంప మీద పెట్టాల్సిన ముద్దు కాస్త పక్కకి జరిగింది. ఎవరి వల్ల జరిగిందో నేను చెప్పను.

కాసేపు ఇద్దరూ నీళ్ల వైపు చూస్తూ ఊరికే నవ్వుకున్నారు. తర్వాత అతను నెమ్మదిగా ఒక సంగతి బయటపెట్టాడు. తెల్ల బాణాల బాట ఇక్కడితో అయిపోయినా నది అయిపోదు. ఆగ్స్‌బుర్గ్‌లో తన కిటికీ కిందికి వచ్చేది ఇవే నీళ్లు. గుర్తులు లేకపోయినా ఒడ్డున దారి ఉంది, తనకి తెలుసు. ఇవాళ రైలు మానేస్తాడు. రేపు పొద్దున బయల్దేరితే మెల్లగా పోవచ్చు. "నువ్వు వస్తావా?" అన్నాడు.

జెన్సికి వస్తాననాలని ఉంది. కానీ పని అలవాటు ముందుగా నోటికొచ్చింది. రెండో కోత గడ్డి ఇంకా పొలంలోనే ఉంది, కోళ్లున్నాయి, అత్తయ్య ఒక్కరే, ఇంటికి పోవాలి అంది. అంటుంటే తన గొంతు తనకే నచ్చలేదు.

"ఇంటికొచ్చి ఎక్కడ పడుకుంటావ్?" అంది ఫిలొమీనా, తల తిప్పకుండానే.

"నా గదిలో."

"అది అద్దెకిచ్చేశాను."

మా లోయలో ఎండాకాలం వస్తే ప్రతి ఇంటి గోడకీ గది ఖాళీ అనే పలక వేలాడుతుంది. అయినా సొంత మనిషి పక్క తీసి ఇచ్చినవాళ్ల గురించి నేనింతవరకూ వినలేదు. ముసలావిడ ఏమీ జరగనట్టు చెప్పుకుపోయింది. డచ్చివాళ్లట, మొగుడూ పెళ్లాం, బహు మంచివాళ్లు, మొన్న దిగారు, నెలాఖరు దాకా ఉంటారు. గడ్డి కోయడం ఎప్పుడూ చూడలేదని ఆయన సరదాపడి పొలానికి కూడా వెళ్తున్నాడు. ఆవిడకి కోళ్లంటే ప్రాణం.

"నీ బట్టలు మడతపెట్టి అటక మీద పెట్టాను," అని ముగించింది.

"నువ్వు నా గది అద్దెకిచ్చావా?" అంది జెన్సి.

జలపాతం హోరు మీంచి వినిపించేంత గట్టిగా అంది. అక్కడి వంతెన మీద నిలబడ్డ జనం ఇటు తిరిగారు. ఏమన్నదో ఆమెకి ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది, చెయ్యి నోటి మీదికి పోయింది.

ఫిలొమీనా అప్పుడు తల తిప్పింది. ఆమె కళ్లల్లో నీళ్లున్నాయి, నవ్వుతోంది. "అదీ," అంది. "ఇచ్చాను. నువ్వేం చేస్తావో చెయ్యి."

పైన రోడ్డు మీద లోయకి పోయే బస్సు వచ్చి ఆగి హారన్ కొట్టింది. ముసలావిడ బుట్ట చేతికి తగిలించుకుని లేచింది. సాయం పట్టుకోబోయిన జెన్సి చెయ్యి విదిలించేసి, సీసా మీ ఇద్దరి దగ్గరే ఉంచుకోండి, రాత్రిళ్లు ఒడ్డున చలి వేస్తుంది అని చెప్పి, మెట్లెక్కి బస్సు తలుపు దగ్గరికి చేరింది. అక్కడ ఆగింది. జెన్సి సగం మెట్ల దాకా వెంట పరిగెత్తి ఆగిపోయింది. కింద రెయిలింగు దగ్గర వెండెలిన్ టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇచ్చే హక్కు ఎవరిదో అతనికి ఇప్పుడు ఏ అనుమానమూ లేదు.

డ్రైవరు తలుపులోంచి తొంగి చూశాడు. "పైకి ఒక్కరేనా, ఇద్దరా?"

"నన్నెందుకయ్యా అడుగుతావు," అంది ఫిలొమీనా. "అదిగో, మెట్ల మీద నిలబడిందే, దాన్నడుగు."